మగ్గం గుంతలో మాండలిన్

మా మామను చెడగొట్టింది వనపర్తి బస్టాండేనని మా అత్త ఎప్పుడూ అనేది. అందులో నిజం లేకపోలేదు. ఆయన చెడిపోయిన రోజు నేనూ పక్కనే ఉన్నాను.

నాగర్‌కర్నూల్ నా పుట్టిల్లు. గద్వాలలో నేతపని చేసే ఇంటికి కోడలిగా వచ్చాను. ఎనభైల్లో ఆ రెండు ఊళ్ళ మధ్య తిరగాలంటే మాకు వనపర్తిలో బస్సు మారడం తప్పేది కాదు. ఆ మారే బస్సు ఎప్పుడొస్తుందో కండక్టరుకు కూడా తెలిసేది కాదు. పెళ్ళైన కొత్తలో నన్ను పుట్టింటి నుంచి తీసుకురావడానికి మామ వచ్చాడు. వనపర్తిలో దిగి గద్వాల బస్సు కోసం ట్రంకుపెట్టె మీద కూర్చున్నాం. ఎదురుగా రేడియోలు బాగుచేసే చిన్న దుకాణం. అందులోంచి ఏదో పాట వినిపిస్తోంది, మాటలు లేని పాట.

"ఏ స్టేషనో గని మంచిగ పెట్టిండు. జర ఇని వస్త, ఈడనే కూసో" అని మామ లేచి వెళ్ళాడు.

వెళ్ళినవాడు రాలేదు. మా బస్సు వచ్చింది. చేయి ఊపాను, పిలిచాను, దుకాణం గడప దగ్గర నిలబడ్డ మామ వెనక్కి తిరగలేదు. విసుగొచ్చి పెట్టె ఈడ్చుకుంటూ నేనే వెళ్ళాను. కొత్త కోడలిని కాబట్టి నోరు మూసుకున్నాను కానీ, లోపల కోపం పొంగుతూనే ఉంది.

దుకాణంలో ఒక్క రేడియో కూడా పాడటం లేదు. అన్నీ పేగులు బయటపెట్టుకుని బల్ల మీద పడి ఉన్నాయి. వాటి మధ్యన స్టూలు మీద ఒక సన్నటి మనిషి కూర్చుని, ఛాతీకి ఆనించుకున్న వాద్యాన్ని వాయిస్తున్నారు. దాన్ని మాండలిన్ అంటారని అప్పటికి నాకు తెలియదు. ఆయన కళ్ళు మూసుకోలేదు. తల ఊపలేదు. రోడ్డు మీద పోయే ఎడ్లబండిని చూస్తూ వాయిస్తున్నారు. చేతికి, ముఖానికి సంబంధమే లేనట్టుంది.

నేను పెట్టె మీద కూర్చున్నాను. నా కోపం ఏమైందో నాకు తెలియదు. తర్వాతి బస్సు కూడా పోయింది, దాన్ని నేనూ చూస్తూనే వదిలేశాను.

తర్వాత తర్వాత సంగతి కొంత అర్థమైంది. మాండలిన్ తీగను మీటితే శబ్దం పుట్టగానే చచ్చిపోతుంది. వయొలిన్‌లా లాగి నిలబెట్టడానికి లేదు. చచ్చేలోపు మళ్ళీ మీటాలి, అది చచ్చేలోపు మళ్ళీ. ఆయన కుడిచేయి ఎంత వేగంగా ఆడేదంటే, మీటడం కనిపించేది కాదు, వినిపించేదీ కాదు. ఒకటే పోగు, తెగకుండా సాగుతూ ఉండేది. పోగు తెగకుండా సాగడమంటే ఏమిటో మగ్గం మీద కూర్చున్నవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మామ అందుకే అక్కడ మేకు కొట్టినట్టు నిలబడిపోయాడని నా నమ్మకం.

ఆయన్ను అందరూ సారు అనేవాళ్ళు. బడిలో చెప్పే సారు కాదు, రేడియోల సారు. ఆయన గురువు హైదరాబాదులో ఎవరో ఉస్తాదు, ఒకప్పుడు సర్కసు బ్యాండులో వాయించేవాడట. ఆ మాండలిన్ ఆ ఉస్తాదుది. ఆయనకూ బొంబాయిలో ఓడలెక్కి వచ్చిన ఒక ముసలి వాద్యగాడు పోతూ పోతూ ఇచ్చి పోయాడట. ఎంత పాతదో ఎవరికీ తెలియదు. దాని వీపు చదునుగా ఉండదు, సొరకాయ బుర్రలా గుండ్రంగా ఉంటుంది. సన్నటి చెక్క పట్టీలను వంచి, ఒకదాని పక్కన ఒకటి అతికించి ఆ గుండ్రం తెచ్చారు. ముందువైపు ముత్యపుచిప్పతో ఒక పువ్వు పొదిగి ఉంది. మీటి మీటి దాని కింద చెక్క పల్లమైంది. రంధ్రంలోంచి చూస్తే లోపల ఒక కాగితం ముక్క అతికించి ఉంటుంది. దాని మీది అక్షరాలు ఇంగ్లీషువే, భాష మాత్రం ఇంగ్లీషు కాదు. నేను పదో తరగతి దాకా చదివాను కదా అని కూడబలుక్కుని చూశాను. ఏ సముద్రం అవతల ఎవరు వంచిన చెక్కో, వనపర్తి బస్టాండు ఎదురుగా పలుకుతోంది. 

ఆ రోజు నుంచి మామకు వనపర్తిలో పనులు పుట్టుకొచ్చాయి. అమరచింతలో చుట్టాలను చూడటానికి వెళ్ళినా వనపర్తి మీదుగానే వచ్చేవాడు. అది దారి కాదని ఊరందరికీ తెలుసు.

"నా సవతి వనపర్తిల ఉన్నది" అనేది అత్త, నేస్తూ నేస్తూనే, అందరూ వినేటట్టు. "బుర్ర కడుపుది. ఎనిమిది తీగలది. గామె పిలుస్తే మనిషి అన్నం ఇడిచి పోతుండు."

"ఒక్కపారి ఇను, గప్పుడు మాట్లాడు" అనేవాడు మామ.

"నేనెందుకు ఇంట? సవతి పాట ఎవలన్న ఇంటరా?"

అలా అనేదే కానీ, మామ ఆలస్యంగా వచ్చిన రోజు ఆయనకు అన్నం పెడుతూ "ఈ పొద్దు ఏం వాయించిండు?" అని అడిగేది కూడా ఆమే. మామ నోటితో పాడి చూపించబోయేవాడు. మామ గొంతు వింటే మగ్గం కూడా మూలిగేది.

మా ఆడబిడ్డ పెళ్ళి కుదిరినప్పుడు మామ కోరిన కోరిక ఒక్కటే, సారు వచ్చి పందిట్లో వాయించాలని. సారు వెంటనే ఒప్పుకున్నారు. మామ పందిరి గుంజలు పాతించడం కన్నా ముందు సారు కూర్చునే చోటు గీత గీసి పెట్టాడు.

అది నడి వైశాఖం. మా నడిగడ్డలో, అటు కృష్ణ ఇటు తుంగభద్ర ఉన్నా, ఎండకు మాత్రం దయ ఉండదు. పెళ్ళి ముందురోజు పొద్దు వాలాక సారు బస్సు దిగి, మాండలిన్ పెట్టెను చంటిపిల్లను తెచ్చినట్టు రెండు చేతుల్లో తెచ్చారు. చెక్కపెట్టె ఎండకు కాగిపోయి ఉంది. ఇంటినిండా చుట్టాలు, పిల్లలు, మిద్దె మీద పడకలు. ఆ సందడిలో దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆయన చుట్టూ చూశారు. చివరికి అత్త చేతికిచ్చారు.

"అక్కా, నా పానమంత గిండ్లనే ఉన్నది. ఎండ, వడ తగలకుంట చల్లగున్న చోట పెట్టు" అన్నారు.

సవతిని చేతుల్లోకి తీసుకున్నప్పుడు అత్త ముఖం చూడాలి. అన్నాళ్ళ వెక్కిరింపు ఎక్కడికి పోయిందో! దేవుడి పల్లకి పట్టమన్నట్టు నిటారుగా నిలబడింది.

మా ఇంట్లో అన్నిటికన్నా చల్లని చోటు మగ్గం గుంత. మాది నేలమగ్గం. గుంతలోకి కాళ్ళు దించి కూర్చుని నేస్తాం. నేల చెమ్మ ఉంటే పోగు మెత్తగా ఉంటుంది, తెగదు. అందుకే ఎండాకాలంలో గుంతలో నీళ్ళు చల్లుతాం. గుంత గోడలో ఒక గూడు ఉండేది. ఎంతో అపురూపమైన పట్టు పోగులను తడిపి పిండిన బట్టలో చుట్టి అత్త ఆ గూట్లోనే పెట్టేది. ఆ గూట్లో నేను కూడా చేయి పెట్టడానికి లేదు. ప్రాణం లాంటిది దాచుకోవడానికి ఆమెకు తెలిసిన చోటు అదొక్కటే. కాగిన పెట్టెలో దానికి ఉక్కపోస్తుందని మాండలిన్‌ను బయటికి తీసింది. మామ కొత్త పంచెను తడిపి, పిండి, వాద్యం ఒళ్ళంతా చుట్టింది. గుంతలో నీళ్ళు చల్లి, గూట్లో పడుకోబెట్టింది. తీగలు కూడా పోగులే కదా, ఎండకు తెగుతాయని ఆమె భయం.

తెల్లవారి మంగళస్నానాల హడావిడిలో సారు వాద్యం అడిగారు. అత్త పంచె విప్పి ఇచ్చింది.

ఆయన దాన్ని అందుకుని వెలుగులోకి తిప్పారు. చెమ్మకు జిగురు వదిలేసింది. వీపు పట్టీల్లో ఒక అతుకు విడిపోయింది. ముందు చెక్క ఒక పక్కన లేచి, వేలిగోరు దూరేంత సందు కనిపిస్తోంది.  సారు ముందుగా తీగలన్నీ ఒక్కొక్కటే వదులు చేశారు, లాగుడుకు ఇంకా చీలకుండా. తర్వాత వేలి కణుపుతో చెక్క మీద కొట్టి, చెవి ఆనించి విన్నారు. మళ్ళీ కొట్టారు. అది మోగలేదు, ఉత్త చెక్కను కొట్టినట్టే ఉంది.

మామ ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. "దాన్ని బావిల తోసినా గింత పని అయ్యేది కాదు గదనే!"

అత్త మగ్గం పక్కనే కూలబడింది. "నాకేం తెల్సు సారూ, పట్టు పెట్టే తాన పెట్టిన" అన్నది. ఆమె ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

"ఒర్లకు అన్నా" అన్నారు సారు మామతో. "చల్లగున్న చోట పెట్టమన్న, పెట్టింది. ఆమెనేమంటవ్?"

మాట నెమ్మదిగానే అన్నారు. కానీ బయటికి వెళ్ళి అరుగు మీద గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేను నీళ్ళు తీసుకెళ్తే గ్లాసు అందుకుని, తాగకుండా పక్కన పెట్టారు. 

"ఇంకొకటి దొరుకుతది గద సారూ" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"దొరుకుతయ్ బిడ్డా. నా చెయ్యి నడువదు వాటి మీద. మా ఉస్తాదు చెయ్యి గూడ గిండ్లనే ఉన్నది గద."

నిండు గ్లాసు అలాగే తీసుకుని లోపలికి వచ్చేశాను.

మా మగ్గాలు చేసే వడ్లాయన, అంటే వడ్రంగి, పక్క సందులోనే ఉండేవాడు. మామ చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళి ఆయన్ను తెచ్చాడు. వడ్లాయన చెక్కలు అతికించే వజ్రం జిగురు కాచి, సన్నపుల్లతో సందుల్లో నింపాడు. తర్వాత తల గోక్కున్నాడు. చదును చెక్క అయితే బిగించి పెట్టే సామాను ఉంది. ఈ బుర్రను దేంతో బిగించాలి? జారిపోతుంది. నొక్కితే పగులుతుంది.

"గట్టి దారంతోని చుట్టు తిప్పి కట్టాలె" అన్నాడు. "నూలుదారం తెండ్రి."

"నూలొద్దు" అన్నది అత్త కూర్చున్న చోటు నుంచే, తల ఎత్తకుండా. "ఆరినంక సడలుతది. పురిపెట్టిన పట్టైతే ఇడువదు."

సారు అరుగు మీద నుంచి లేచి వచ్చి ఆమె ముందు కూర్చున్నారు. "అయితే నువ్వే కట్టక్కా."

"నా చెయ్యి పెట్ట సారూ. పెట్టింది సాలు."

"పోగు బిగించుడు నాకు రాదు, ఈయనకు రాదు. నువ్వు కట్టకుంటే గిది ఇంక గింతే."

ఆమె తన చేతులు చూసుకుంది. తర్వాత లేచి, చేతులు కొంగుకు పొడిగా తుడుచుకుని, పెళ్ళికూతురి చీరలో మిగిలిన ఎర్రపట్టు తీసి పురిపెట్టింది. చెక్కను సారు పట్టుకున్నారు. ఆమె దారాన్ని వీపు కింద నుంచి తెచ్చి, ముందువైపు తీగల కింద నుంచి, ఏ తీగకూ తగలకుండా దాటించి, లాగి బిగించింది. ఒక చుట్టు, దాని పక్కన ఇంకో చుట్టు. దారం మీద దారం ఎక్కలేదు, మధ్యలో సందు రాలేదు.

"తీగలు పైలం అక్కా" అన్నారు సారు.

"ఎనిమిది తీగలకే గింత పరేషానా? మా పడుగుల వేల పోగులుంటయ్, తెల్సా" అనేసింది అత్త, చేతి పనిలో పడి ఏడుపు మరిచిపోయి. అని, నాలుక కరుచుకుంది. పొద్దున్నుంచీ సారు నవ్వింది అప్పుడే.

రేపటిదాకా కట్టు విప్పొద్దని, తీగలు బిగించొద్దని వడ్లాయన చెప్పి పోయాడు. మధ్యాహ్నానికి పెళ్ళి అయిపోయింది. మామ వచ్చి చేతులు జోడించాడు, ఈసారికి వద్దని, ఇంకోసారి వింటామని. సారు వినలేదు.

"కట్టుతోటే వాయిస్త. బిడ్డ పెండ్లి మళ్ళ వస్తదా? పలికితే పలుకుతది. పలుకకుంటే గదేందో ఈ పొద్దే తెలుస్తది."

ఎండ తగ్గాక పందిట్లో కూర్చున్నారు. ఎర్రపట్టు చుట్లతో ఆ వాద్యం కూడా పెళ్ళికూతురిలాగే ఉంది. ఆయన తీగలు బిగించడం మొదలుపెట్టారు. కొంచెం బిగించడం, చెక్క మీద చేయి పెట్టి చూడటం, మళ్ళీ కొంచెం. ఎప్పుడూ బిగించేంత బిగించలేదు, బాగా తక్కువ శ్రుతిలోనే ఆపేశారు. అతుకుల గొంతును మైకు ఇంకా బరబరలాడిస్తుందని, దాన్ని తీసేయమన్నారు. తర్వాత ఒక తీగ మీటారు.

శబ్దం చిన్నగా వచ్చింది. వనపర్తిలో నేను విన్న ఆ మెరుపు లేదు, మూసిన తలుపు అవతల ఎవరో పాడుతున్నట్టుంది. వెనక కూర్చున్న మగపెళ్ళివారు కబుర్లు ఆపలేదు. మామ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సారు రెండోసారి గట్టిగా మీటలేదు. ఇంకా మెల్లగా మీటారు.

నా జీవితంలో నేను చూసిన గొప్ప సంగతి ఏదని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. ఆ వాద్యం ఆ పూటకు గట్టిగా పలకదని ఆయనకు మొదటి మీటుకే తెలిసిపోయింది. దానితో పోట్లాడలేదు. అది ఎంత పలకగలదో అంతలోకి తానే దిగిపోయారు. ఆ పాత వేగం లేదు, ఆ తెగని పోగు లేదు. ఒక్కొక్క స్వరం పుట్టడం, ఉన్నంతసేపు ఉండటం, పోవడం. పోయాక వచ్చే నిశ్శబ్దాన్ని కూడా ఆయన వాయిస్తున్నట్టే ఉంది. ఏ రాగమో నాకు తెలియదు. వినబడటం లేదని వెనకవాళ్ళు జరిగి ముందుకు వచ్చారు. వంటవాళ్ళు గరిటెలతోనే వచ్చి నిలబడ్డారు. పిల్లల నోళ్ళు పెద్దవాళ్ళు మూశారు, తర్వాత ఆ అవసరం కూడా లేకపోయింది. పందిరి మొత్తం ఆయన మోకాళ్ళ చుట్టూ దగ్గరికి చేరిపోయింది.

అత్త మగ్గం ఇంట్లోనే ఉండిపోయింది. ముఖం చూపించనన్నది. కానీ శబ్దం లోపలికి వినపడటం లేదు. అది బతికిందో లేదో తెలుసుకోవద్దూ? ముందు గడప దగ్గరికి వచ్చింది. అక్కడా సరిగా వినపడలేదు. గుంజ దాకా వచ్చింది. చివరికి మనుషులను తోసుకుంటూ వచ్చి సారు ఎదురుగా నేల మీద కూర్చుంది. అది ఆమె సవతి పాట వినడం మొదటిసారి. ఆమె చూపు ఆయన చేతుల మీద లేదు, ఎర్రపట్టు చుట్ల మీదే ఉంది.

ఆపాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు.  సారు మాండలిన్‌ను అత్త వైపు తిప్పి చుట్లు చూపించారు. ఒక్కటి కూడా సడలలేదు.

తర్వాత హైదరాబాదులో దాన్ని తెలిసినవాళ్ళ చేత మళ్ళీ అతికించారని, గొంతు తిరిగి వచ్చిందని మామ వనపర్తి నుంచి మోసుకొచ్చిన కబురు. మామ ఉన్నన్నాళ్ళూ ఆయన పనులన్నీ వనపర్తిలోనే ఉండేవి.

మామ పోయాక, తొంభైల్లో, నాగర్‌కర్నూల్‌లో మా తమ్ముడి పెళ్ళికి అత్తను తీసుకెళ్ళాను. అప్పటికి ఆమెకు చూపు బాగా తగ్గింది, నేయడం మానేసింది. ఆ పెళ్ళికి సారు వచ్చారు. జుట్టు నెరిసింది, వెంట శిష్యులు ఉన్నారు. పెట్టె మోయడానికి ఒకరు, చాప పరచడానికి ఒకరు, వాద్యం అందుకోవడానికి పోటీపడేవాళ్ళు మరికొందరు.

వాయించబోయే ముందు ఆయన ముఖం కడుక్కోవడానికి లేచారు. మాండలిన్ చేతిలో ఉంది. శిష్యులు చేతులు చాచారు. ఆయన వాళ్ళ మధ్య నుంచి నడిచి, ఆడవాళ్ళు కూర్చున్న వైపు వచ్చి, అత్త ముందు వంగారు.

"అక్కా, జర పట్టుకో. ఇప్పుడే వస్త" అని దాన్ని ఆమె ఒడిలో పెట్టి వెళ్ళిపోయారు.

అత్తకు మనిషి సరిగా కనిపించలేదు కానీ గొంతు తెలిసింది. ఒడిలో ఉన్నదేమిటో కూడా తెలిసింది. ఆమె వేళ్ళు మెల్లగా వీపు మీదికి పోయాయి. అక్కడ మెరుగు మీద సన్నటి గీతలు ఉన్నాయి, పట్టు దారం ఒత్తుకున్న గుర్తులు, పక్కపక్కనే, సందు లేకుండా. మళ్ళీ మెరుగు వేయిస్తే పోయేవే. ఆయన వేయించలేదు.

ఆమె పెదవులు కదిలాయి. నాకేమీ వినపడలేదు. దాహమైందేమోనని బిందెలో గ్లాసు ముంచి నీళ్ళు తెచ్చాను. ఆమె వద్దన్నట్టు తల ఊపింది. బరువేమోనని, "ఇటియ్యి అత్తా, సారు వచ్చేదాక నేను పట్టుకుంట" అని చేయి చాచాను.

ఆమె రెండు చేతులతో దాన్ని దగ్గరికి లాక్కుంది.

"నీ చేతులు తడిగున్నయ్ పిల్లా" అన్నది. "ముట్టకు."